కోంక్ వెళ్దామంటే మావాళ్లు అడిగే ప్రశ్నలు

మేం ఉండేది తులూజ్‌లో. ఇండియా నుంచి చుట్టాలొస్తే పారిస్ చూసేసి, చివర్లో రెండు మూడు రోజులు మా ఇంటికి వస్తారు. అందులో ఒకరోజు పాత చర్చికి పేరున్న కోంక్ అనే చిన్న ఊరికే. కారు ఎక్కిన దగ్గర్నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ప్రతిసారీ అవే ప్రశ్నలు, ప్రతిసారీ అవే జవాబులు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేశాను. ఇకమీదట ఎవరడిగినా లింక్ పంపిస్తే సరిపోతుంది.

ఇంతకీ ఈ కోంక్ ఎక్కడుంది?

ఫ్రాన్స్ దక్షిణాన, అవేరోన్ అనే జిల్లాలో. పాత పేరు చెబితే రుయెర్గ్ సీమ. జిల్లా కేంద్రం రొదేజ్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. దుర్దూ అనే చిన్న నదిలో ఊష్ అనే వాగు కలిసే చోట, లోయ పక్కన కొండవాలుకు అతుక్కుని ఉంటుంది ఊరు. చుట్టూ అడవి. మలుపు తిరిగేదాకా అక్కడో ఊరుందని కూడా తెలియదు. తిరగ్గానే బూడిదరంగు పైకప్పుల మధ్య నుంచి మూడు గోపురాలు ఒక్కసారిగా కనబడతాయి.

పేరెలా పలకాలి?

చివరి అక్షరాలు మింగేసి "కోంక్" అనాలి, అదీ కొంచెం ముక్కుతో. లాటిన్‌లో శంఖాన్ని, గవ్వను "కోంకా" అంటారు. ఊరున్న లోయ గవ్వ ఆకారంలో ఉంటుందని ఆ పేరొచ్చింది. ఇక్కడి పాత భాష ఆక్సిటన్. అందులో ఈ ఊరు "కోంకాస్". ఊరి దేవత పేరు సాంత్ ఫ్వా. ఫ్వా అంటే విశ్వాసం. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి "ఫోయ్" అంటే ఎవరికీ అర్థం కాదు, నేనూ మొదటిసారి అలాగే అన్నాను.

కమ్యూన్ అంటే మన పంచాయతీయేనా?

దాదాపు అంతే, కానీ పూర్తిగా కాదు. ఫ్రాన్స్‌లో దాదాపు 35 వేల కమ్యూన్లున్నాయి. పారిస్ కూడా కమ్యూనే, వందమంది లేని కొండపల్లె కూడా కమ్యూనే. మనకున్నట్టు పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అని మెట్లుండవు. ఊరివాళ్లు ఆరేళ్లకోసారి కౌన్సిలర్లను ఎన్నుకుంటారు, ఆ కౌన్సిలర్లు తమలో ఒకరిని మేయర్‌గా ఎన్నుకుంటారు. మన సర్పంచ్‌లా నేరుగా ఓట్లతో గెలవరన్నమాట. మూడు రంగుల పట్టీ భుజాన వేసుకుని పెళ్లిళ్లు చేయించేది కూడా ఈ మేయరే. చర్చిలో ఎంత ఘనంగా చేసుకున్నా, అంతకుముందు మేయరు దగ్గర పెళ్లయితేనే చట్టం ఒప్పుకుంటుంది.

కోంక్ ఇప్పుడు కమ్యూనే కాదంట కదా?

బావగారు వికీపీడియా చూసుకుని వచ్చి నన్ను పట్టేసిన ప్రశ్న ఇది. నిజమే. 2016 జనవరి 1న కోంక్, గ్రాన్-వాబ్ర్, నోవాయాక్, సాన్-సిప్రియాన్-సుర్-దుర్దూ అనే నాలుగు కమ్యూన్లు కలిసిపోయి "కోంక్-అన్-రుయెర్గ్" అయ్యాయి. జనం తగ్గిపోయిన చిన్న ఊళ్లు ఖర్చులు తట్టుకోలేక ఇలా కలవడం ఈ దేశంలో మామూలైపోయింది. కలిపినా మొత్తం జనాభా రెండు వేల లోపే. కోంక్ ఊరొక్కటే తీసుకుంటే మూడొందల మంది కూడా ఉండరు. నాలుగూళ్లలో ఏ పేరు మిగిలిందో చూస్తే పలుకుబడి ఎవరిదో తెలిసిపోతుంది.

మూడొందల మంది లేని ఊళ్లో ఇంత పెద్ద చర్చి ఎందుకు కట్టారు?

ఒక దొంగతనం వల్ల.

ఇక్కడ 8వ శతాబ్దం చివర్లో దాదోన్ అనే సన్యాసి ఒంటరిగా తపస్సు చేసుకునేవాడు. ఆయన చుట్టూ శిష్యులు చేరి మఠం ఏర్పడింది. కానీ ఆ రోజుల్లో మఠానికి పేరు రావాలంటే పుణ్యాత్ముల అస్థికలు ఉండాలి. అస్థికలుంటే మహిమలు, మహిమలుంటే యాత్రికులు, యాత్రికులుంటే కానుకలు. కోంక్ దగ్గర చెప్పుకోదగ్గవి లేవు. పడమట అజాన్ అనే పట్నంలో ఉన్నాయి. 303 ప్రాంతంలో, క్రైస్తవ మతం వదలనన్నందుకు రోమన్లు చంపేసిన పన్నెండేళ్ల పిల్ల ఫ్వా అస్థికలవి.

మఠంవాళ్లే రాసి పెట్టుకున్న కథ ప్రకారం, అరివిస్కస్ అనే సన్యాసి అజాన్ వెళ్లి, అక్కడి మఠంలో చేరి, పదేళ్లు నమ్మకంగా పనిచేసి, చివరికి సమాధికి కాపలాదారు అయ్యాడు. ఒక పండగ రోజు అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు సమాధి పగలగొట్టి, అస్థికలు సంచిలో వేసుకుని కోంక్‌కు పారిపోయి వచ్చాడు. అది 866లో. అప్పటినుంచి ఊరి దశ తిరిగింది. జనం పోటెత్తారు. పాత గుడి చాలక 11వ శతాబ్దం నడుమ ఒదోల్రిక్ అనే మఠాధిపతి ఇప్పుడున్న పెద్ద చర్చి మొదలుపెట్టాడు, 12వ శతాబ్దం తొలినాళ్ల దాకా పని సాగింది.

దేవుడి సొత్తు దొంగిలిస్తే పాపం కాదా?

అత్తయ్యగారు అడిగారు. అప్పటివాళ్లు దీన్ని దొంగతనం అనుకోలేదు. ఆ పుణ్యాత్మురాలికి ఇష్టం లేకపోతే సమాధి పగిలేదా, దారి దొరికేదా, అని వాళ్ల వాదన. అంటే ఆవిడే రావాలనుకుని వచ్చిందట. మధ్యయుగంలో ఇలాంటి "పవిత్ర చౌర్యాలు" చాలా జరిగాయి. అజాన్‌వాళ్లు ఏమనుకున్నారో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నాకైతే ఈ వాదన మరీ సౌకర్యంగా ఉందనిపిస్తుంది. అత్తయ్యగారు మాత్రం "అమ్మవారు కలలో కనబడి నన్ను ఫలానా చోటికి తీసుకెళ్లమంటుంది చూడు, అలాంటిదే" అని తేల్చేశారు.

ఆ బంగారు విగ్రహం కథేంటి? క్రైస్తవంలో విగ్రహారాధన తప్పు కదా?

ఇది వెయ్యేళ్ల క్రితమే అడిగిన ప్రశ్న. అది కూడా ఒక క్రైస్తవ పంతులే అడిగాడు.

ఫ్వా బంగారు విగ్రహం ఎత్తు 85 సెంటీమీటర్లు. సింహాసనం మీద నిటారుగా కూర్చుని, నేరుగా మన కళ్లలోకి చూస్తుంది. లోపల చెక్క, పైన బంగారు రేకు, ఒళ్లంతా రాళ్లు, రోమన్ కాలం నాటి చెక్కుడు రత్నాలు. ముఖం విగ్రహం కంటే పాతది. రోమన్ సామ్రాజ్యం చివరి రోజుల్లో ఎవరికోసమో చేసిన బంగారు తలను తెచ్చి ఇక్కడ అమర్చారు. అందుకే పన్నెండేళ్ల పిల్ల విగ్రహానికి ఎవరో చక్రవర్తి ముఖం పెట్టినట్టుంటుంది. వేళ్ల మధ్య సన్నటి గొట్టాలున్నాయి, పూలు పెట్టడానికి.

1013లో ఆంజే పట్నం నుంచి బెర్నార్ అనే బడిపంతులు వచ్చాడు. ఉత్తరాది చదువుకున్నవాడు. దక్షిణాదివాళ్లు బంగారు బొమ్మలకు మొక్కుతారని విని నవ్వుకున్నాడు. దారిలో ఓరియాక్‌లో ఇలాంటిదే మరో విగ్రహం చూసి, పక్కనున్న స్నేహితుడితో, పాత రోమన్ దేవుళ్లు జూపిటర్‌కో మార్స్‌కో ఇలాంటి బొమ్మ చేసి పెడితే వాళ్లు వద్దనేవాళ్లా అని వెటకారమాడాడు. కోంక్ చేరాక, అక్కడి మహిమల కథలు విన్నాక మనసు మార్చుకున్నాడు. ఇది విగ్రహం కాదు, ఆ పిల్ల జ్ఞాపకం అని సర్దిచెప్పుకుని, ఆ మహిమల కథలు తనే రాశాడు.

ఆ కథల్లో ఫ్వా చిన్నపిల్లలాగే ఉంటుంది. నగల మీద మోజు ఎక్కువ. పెద్దింటి ఆడవాళ్ల కలలోకి వచ్చి గాజులు, ఉంగరాలు కావాలని మారాం చేస్తుంది. ఇవ్వకపోతే జ్వరం తెప్పిస్తుంది. ఆవిడ చేసే చిలిపి పనులను ఊరివాళ్లు "ఆటలు" అనేవాళ్లట. బందీల సంకెళ్లు విడిపించడం ఆవిడకు ఇంకో సరదా. విడుదలైనవాళ్లు తమ గొలుసులు తెచ్చి ఇక్కడ సమర్పించేవాళ్లు. గర్భగుడి చుట్టూ ఉన్న ఇనుప కటకటాలు ఆ గొలుసులు కరిగించి చేసినవే అంటారు.

ఫ్రెంచి విప్లవంలో చర్చిల బంగారమంతా కరిగించేశారు కదా, ఇది ఎలా మిగిలింది?

ఊరివాళ్లు దాచేశారు. దేశమంతా చర్చిల బంగారం, వెండి టంకశాలకు పోతున్న రోజులవి. కోంక్ జనం మఠం సొత్తును తలా ఒకటి ఇళ్లకు పట్టుకుపోయారు. తోటల్లో, చెస్ట్‌నట్ కాయలు ఎండబెట్టే కొట్టాల్లో పెట్టారని చెబుతారు. గొడవలు సద్దుమణిగాక ఒక్కొక్కటీ తిరిగొచ్చింది. పేద ఊరు. ఒక్క రత్నం పీకి అమ్ముకుంటే కుటుంబానికి ఏళ్ల తరబడి తిండి దొరికేది. ఒక దొంగతనంతో మొదలైన ఊరు, అవసరమైన రోజున దొంగతనం చేయలేదు. ఇవాళ మధ్యయుగపు బంగారు పనితనం ఇంత ఎత్తున ఒక్కచోట చూడాలంటే ఫ్రాన్స్‌లో రావలసింది ఇక్కడికే. ఈ సొత్తు చూడడానికి టిక్కెట్టు ఉంది, కానీ చర్చిలోకి ఉచితమే.

దాచడానికి వీలుకానివి మాత్రం దెబ్బతిన్నాయి. బెగోన్ అనే మఠాధిపతి 1100 ప్రాంతంలో కట్టించిన వసారాను తర్వాత చాలావరకు పడగొట్టారు. ఇప్పుడు కొన్ని తోరణాలే మిగిలాయి.

చర్చి కూలిపోకుండా ఆపిందెవరు?

ప్రోస్పేర్ మెరిమే. రచయితగా పేరున్నవాడే, కానీ ఉద్యోగం చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్ జనరల్. 1837లో వచ్చి చూసి, ఇలాంటి అడవిలో ఇన్ని సంపదలు ఉంటాయని అనుకోలేదని రిపోర్టు రాశాడు. 1840లో ప్రభుత్వం వేసిన మొట్టమొదటి రక్షిత కట్టడాల జాబితాలో కోంక్ ఉంది. 1873లో ప్రెమోంత్రే సంఘం సన్యాసులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. రెండేళ్లకు, ఎప్పుడో గోడలో దాచేసి మర్చిపోయిన ఫ్వా అస్థికలు బయటపడ్డాయి.

తలుపు మీద ఆ బొమ్మలేంటి?

దీనికోసమే ఒక గంట ఆగండి. పడమటి వాకిలి పైన అర్ధచంద్రాకారపు రాతి పలక, ఆరు మీటర్ల పైచిలుకు వెడల్పు, 124 బొమ్మలు. 12వ శతాబ్దం మొదటి సగంలో చెక్కారు. వాకిలి లోపలికి ఉండడంతో వానకు తడవలేదు, అక్కడక్కడ నీలం, ఎరుపు రంగులు ఇంకా కనబడతాయి.

అది అంత్య తీర్పు, అంటే లోకం ముగిసిన రోజున దేవుడు అందరి పాపపుణ్యాలు తేల్చడం. నడుమ క్రీస్తు కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచెయ్యి కిందికి దించి ఉంటాడు. మనకు ఎడమ పక్క స్వర్గం, కుడి పక్క నరకం. స్వర్గం వైపు అంతా క్రమశిక్షణ, వరసలో నిలబడ్డ పుణ్యాత్ములు. అందులో ఒక మఠాధిపతి షార్లెమాన్ చక్రవర్తి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంటాడు, స్కూలుకు రానని మొరాయించే పిల్లాణ్ణి లాగినట్టు. చక్రవర్తి బోలెడు దానాలిచ్చాడు, కానీ పాపాలూ తక్కువ కాదు, అందుకే సిఫార్సు కావాలి. ఆ కింద ఫ్వా సాష్టాంగపడి ఉంటుంది, ఆకాశం నుంచి దేవుడి చెయ్యి ఆవిడ తల వైపు చాచి ఉంటుంది. వెనకాల ఖైదీల గొలుసులు వేలాడుతుంటాయి.

శిల్పులకు ఎక్కువ సరదా నరకం చెక్కడంలోనే ఉన్నట్టుంది. పొగరుబోతు సైనికుడు గుర్రం మీంచి తలకిందులుగా పడుతుంటాడు. పిసినారి మెడలో డబ్బుసంచితోనే ఉరికి వేలాడుతుంటాడు. అబద్ధాలకోరు నాలుక పీకుతుంటారు. దొంగనోట్లు, సారీ, దొంగనాణేలు ముద్రించేవాడు తన పనిముట్లతో సహా దొరికిపోయాడు. కుందేళ్లను దొంగచాటుగా వేటాడినవాణ్ణి కుందేలే చువ్వకు గుచ్చి కాలుస్తోందని ఒక బొమ్మకు అర్థం చెబుతారు. రాజుకూ మినహాయింపు లేదు. చెడ్డ సన్యాసులైతే వలలో చేపల్లా చిక్కారు. సొంత మఠం గుమ్మం మీదే సొంతవాళ్లను నరకంలో వేయించుకోవడానికి ధైర్యం కావాలి.

నడుమ తక్కెడ ఉంది. ఒక పక్క దేవదూత, ఇంకో పక్క దయ్యం ఎదురెదురుగా నిలబడి ఆత్మలను తూస్తుంటారు. "చిత్రగుప్తుడి లెక్కలు ఇక్కడ కూడా ఉన్నాయే!" అన్నారు అత్తయ్యగారు. దయ్యం వేలితో తక్కెడను తన వైపు నొక్కుతోంది చూడండని చూపిస్తే, రైతుబజారులో కూరగాయల దగ్గర జరిగేదే కదా అని మావయ్యగారు.

అడుగున లాటిన్‌లో చెక్కిన మాట: పాపులారా, నడత మార్చుకోకపోతే కఠినమైన తీర్పు తప్పదని తెలుసుకోండి.

ఇవన్నీ చూశాక తల పైకెత్తి అంచు చూడండి. బొమ్మలన్నిటి చుట్టూ ఉన్న రాతి పట్టీ వెనకాల నుంచి చిన్న చిన్న ముఖాలు తొంగిచూస్తుంటాయి. పట్టీని వేళ్లతో పట్టుకుని, కళ్లదాకా మాత్రమే బయటపెట్టి, గోడచాటున నాటకం చూసే పిల్లల్లా ఉంటాయి. వీళ్లను "కుతూహలపరులు" అంటారు. మా పాప వీళ్లను లెక్కపెడుతూ కదలనంది. చాలామంది గమనించకుండానే లోపలికెళ్లిపోతారు.

లోపల అద్దాలకు రంగుల్లేవేం? డబ్బులు చాలలేదా?

ఆ తెల్లద్దాల కోసమే ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. వాటిని చేసింది పియేర్ సులాజ్, నలుపు రంగుకు పేరుపడ్డ చిత్రకారుడు. 1919లో రొదేజ్‌లో పుట్టాడు. కుర్రతనంలో ఈ చర్చికి వచ్చినప్పుడే చిత్రకళే తన దారి అని నిశ్చయించుకున్నాడు. 1986లో ప్రభుత్వం పని అప్పగిస్తే, 1994కు పూర్తయింది. మొత్తం 104 కిటికీలు.

అప్పటికి అక్కడ 20వ శతాబ్దం మధ్యలో పెట్టిన రంగుల బొమ్మల అద్దాలుండేవి. వాటిని తీసేసి, పుణ్యాత్ముల బొమ్మల్లేని, రంగుల్లేని అద్దాలు పెడతామంటే ఊళ్లో కొందరికి నచ్చలేదు. మా బావగారు కూడా లోపలికి రాగానే "బాత్రూం గ్లాసులా ఉందే" అన్నారు. నేనేం మాట్లాడలేదు, బెంచీ మీద కూర్చోమన్నాను.

సులాజ్‌కు కావలసిన గాజు మార్కెట్లో దొరకలేదు. వెలుగు రావాలి, కానీ బయటిది కనబడకూడదు. తులూజ్‌కు చెందిన గాజుపనివాడు జాన్-దొమినిక్ ఫ్లరీతో కలిసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి కొత్త గాజు తయారు చేయించాడు. గాజులో రంగు లేదు, గాజు రేణువులు ఒకచోట పలచగా, ఒకచోట దట్టంగా ఉంటాయి. ఎండ మారినకొద్దీ ఒక కిటికీ నీలంగా, పక్కది వెచ్చటి నారింజ రంగుగా కనబడుతుంది. మబ్బు వస్తే అన్నీ బూడిదరంగే. సీసపు గీతలు మెత్తగా వంపు తిరిగి, గాలికి కదిలినట్టుంటాయి. అరగంట తర్వాత బావగారు, "ఇందాక ఆ కిటికీ ఇలా లేదు కదా?" అన్నారు. బాత్రూం మాట మళ్లీ ఎత్తలేదు.

సులాజ్ 2022లో, 102 ఏళ్ల వయసులో పోయారు. రొదేజ్‌లో ఆయన పేరుతో మ్యూజియం ఉంది.

ఈ చర్చి ఎవరిది? పోప్‌దా?

కమ్యూన్‌ది. 1905లో ఫ్రాన్స్ మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసింది. అప్పటికి కట్టి ఉన్న పెద్ద కతీడ్రల్స్ ప్రభుత్వానికి, ఊళ్లలోని మామూలు చర్చిలు కమ్యూన్లకు వచ్చాయి. ఫాదర్లకు వాడుకునే హక్కు ఉంది, సొంతదారు మాత్రం ఊరే. అంటే వాన కారితే తలపట్టుకోవలసింది మేయరే. రక్షిత కట్టడం కాబట్టి ప్రభుత్వం ఖర్చులో వాటా ఇస్తుంది, కానీ మేకు కొట్టాలన్నా అనుమతులు కావాలి. దేశమంతటా చిన్న కమ్యూన్లకు పాత చర్చి పెద్ద టెన్షన్. కోంక్‌కైతే పర్యాటకులున్నారు, పక్క లోయలో పేరు లేని చర్చికి ఎవరున్నారు?

ఇక్కడ ఇల్లు కొనుక్కుని మనకు నచ్చినట్టు కట్టుకోవచ్చా?

కొనుక్కోవచ్చు. నచ్చినట్టు కుదరదు. రక్షిత కట్టడానికి 500 మీటర్ల లోపు ఏ మార్పు చేయాలన్నా ప్రభుత్వ ఆర్కిటెక్ట్ చూడాలన్నది ఇక్కడి మామూలు రూలు. ఇక్కడి ఇళ్లకు కింద రాయి, పైన కర్రచట్రం గోడలు, కప్పుకు "లోజ్" అనే పలక రాళ్లు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, పైకి వెళ్లేకొద్దీ రాయి చిన్నదవుతుంది. చాలా బరువు, చాలా ఖరీదు, వేసే పనివాళ్లు తక్కువ. నీలం రేకు వేసుకుందామంటే కుదరదు మరి.

వీపున సంచులేసుకుని, కర్రలు పట్టుకుని నడిచేవాళ్లెవరు?

పాదయాత్రికులు. ల ప్వీ అనే పట్నంలో బయల్దేరి స్పెయిన్‌లోని శాంటియాగో అనే పుణ్యక్షేత్రం దాకా వెళ్తారు, మొత్తం 1,500 కిలోమీటర్లు. కోంక్‌కు 200 కిలోమీటర్లు, పది రోజుల నడక. చాలామంది ఇక్కడితో ఆపేసి ఇంకో ఏడాది మిగతాది నడుస్తారు. ఈ దారుల మీది కట్టడాలను 1998లో యునెస్కో గుర్తించింది, అందులో కోంక్ చర్చి, దుర్దూ మీది పాత రాతివంతెన రెండూ ఉన్నాయి. రాత్రి ఉండగలిగితే ఉండండి. భోజనాలయ్యాక ఒక సన్యాసి వాకిలి ముందు నిలబడి బొమ్మల కథ చెబుతాడు, తర్వాత లోపల ఆర్గన్ వాయిస్తారు. అరికాళ్లకు బొబ్బలెక్కినవాళ్లు చెప్పులు విప్పుకుని నిశ్శబ్దంగా వింటుంటారు.

తినడానికి ఏం దొరుకుతుంది? శాకాహారులకు?

అలిగో అడగండి. బంగాళాదుంప ముద్దలో పచ్చి జున్ను, వెల్లుల్లి వేసి సాగదీస్తారు. గరిటె ఎత్తితే తీగలా మీటరు పొడుగు సాగుతుంది. పక్కన సాసేజ్ పెట్టేస్తారు, ముందే "సాన్ వియాండ్", మాంసం వద్దు అని చెప్పాలి. తినేవాళ్లకైతే ఎస్తోఫినాదో ఉంది, ఎండుచేప, బంగాళాదుంప, గుడ్లు, వాల్‌నట్ నూనె కలిపి చేసే ముద్ద. సముద్రం లేని ఈ కొండల్లోకి ఎండుచేప బోర్డో నుంచి లోట్ నది మీద పడవల్లో వచ్చేదట. మావయ్యగారు రెండోసారి వడ్డించుకున్నారు. ఊరగాయ సీసా ఎలాగూ మన బ్యాగులో ఉంటుంది.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

మే, జూన్, సెప్టెంబర్ మంచివి. జులై, ఆగస్టుల్లో జాతర. చలికాలం సగం కొట్లు మూసుంటాయి, కానీ ఊరు మనదే. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, రొదేజ్ దాకా రైలు, అక్కడినుంచి కారు. తులూజ్ నుంచైతే కార్లో రెండున్నర గంటలకు పైనే. కారు ఊరి బయట పెట్టి నడవాలి. అంతా ఎత్తుపల్లాల రాళ్లబాట, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ముందే చెప్పండి. చీరలో, హీల్స్‌తో అసలొద్దు.

జీపీఎస్‌లో "కోంక్" అని కొడితే చాలా?

చాలదు. కార్కాసోన్ పక్కన కోంక్-సుర్-ఓర్బియెల్ అని ఇంకో ఊరుంది, మనం వెళ్లాల్సిన దిక్కే కాదు. మొదటిసారి నేను చూసుకోకుండా నొక్కేశాను. గంట నడిపాక, కొండలు రావలసిన చోట ద్రాక్షతోటలు వస్తుంటే మా ఆవిడకు అనుమానం వచ్చింది. "అవేరోన్" అని కూడా కలిపి కొట్టండి.